వంటింటి సామాను, పసిబిడ్డల ఆట: ఒక చిన్న చరిత్ర

పసిబిడ్డను చూడవచ్చే బంధువులు చేతిలో ఒక బొమ్మ పెట్టుకుని రావడం ఈనాడు ఆనవాయితీగా మారింది. ప్రొద్దుటూరు అంగళ్లలో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ బొమ్మలు రాజుపాలెం మండలంలోని పల్లెలకూ, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలకూ అదే వేగంతో చేరుతున్నాయి. వాటిని కొనలేని తల్లిదండ్రులు బిడ్డకు ఏదో లోటు చేస్తున్నామని మనసులో కుములుతుంటారు. కొనగలిగినవారు మాత్రం, అంత ఖరీదైన బొమ్మను బిడ్డ పక్కకు నెట్టేసి గరిటె కోసం, పళ్లెం కోసం చేయి చాచడం చూసి విస్తుపోతుంటారు. ఈ ఇద్దరికీ చరిత్ర చెప్పగలిగిన మాట ఒకటే. బిడ్డ చేసిన ఎంపికలో తప్పేమీ లేదు. మానవజాతి బాల్యంలో అత్యధిక భాగం ఇంటి సామానుతో ఆడుకుంటూనే గడిచింది. అంగడిలో కొన్న బొమ్మ ఆ సుదీర్ఘ చరిత్రలో నిన్నమొన్న చేరిన అతిథి.

ఆ చరిత్రను, దానితో పెనవేసుకున్న ఆరోగ్య విషయాలను ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను.

మన ఇళ్లలోని ఆటసామాను

కుందూ నది ఒడ్డున ఉన్న నల్లరేగడి పల్లెల్లో జొన్న, శనగ, పత్తి పండించే ఇళ్లను ఒకసారి తలచుకోండి. చేట, జల్లెడ, గంప, రోలు, రోకలి, సంగటి తెడ్డు, ఇత్తడి చెంబు, కంచు గిన్నె, కొబ్బరి చిప్ప. వీటిలో ఏదీ ఆటకోసం చేసింది కాదు. అయినా ప్రతిదానికీ పసిబిడ్డ ఇంద్రియాలకు చెప్పవలసిన కొత్త సంగతి ఒకటుంది. కంచు చల్లగా తగిలి, తట్టితే మోగుతుంది. వెదురు చేట గరుకుగా తగిలి, గీరితే బరబరమంటుంది. కర్ర తెడ్డు తేలికగా, వెచ్చగా ఉంటుంది. జల్లెడ కన్నుకు అడ్డం పెట్టుకుంటే అమ్మ ముఖం చుక్కలు చుక్కలుగా కనబడుతుంది.

ధాన్యపు కొలతల సంగతి ఇంకా విశేషమైనది. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఒకదానిలో ఒకటి ఇమిడే ఈ పాత్రలను గింజలతో నింపి, ఒంపి, మళ్లీ పేర్చే పిల్లవాడు రెట్టింపు అనే భావాన్ని చేతితోనే తెలుసుకునేవాడు. 1956 నాటి తూనికలు, కొలతల చట్టంతో దేశంలోకి మెట్రిక్ పద్ధతి వచ్చింది. అంగళ్లలో లీటరు, కిలో స్థిరపడ్డాక ఈ పాత్రలు క్రమంగా అటకలెక్కాయి. ఈనాడు "ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు" అని పెట్టెల్లో అమ్ముతున్న ప్లాస్టిక్ బొమ్మలు ఆ సోలా తవ్వలకు చుట్టాలే.

భాషలోనూ దీనికి సాక్ష్యముంది. బావి మీద నీళ్లు తోడే చక్రాన్ని గిలక అంటాం. పసిబిడ్డ చేతిలో ఆడించే బొమ్మను గిలక్కాయ అంటాం. ఇంటి పనిముట్టుకూ, ఆటవస్తువుకూ మన పూర్వులు ఒకే మాటను పంచారు. జొన్న కోత ముగిశాక ఎండిన దంట్లలోని బెండుతో పిల్లలు బండ్లు కట్టుకునేవారు. అవ్వ వండుతుంటే పక్కన చేరి మట్టితో గుజ్జనగూళ్లు వండేవారు. ఇవన్నీ పైసా ఖర్చు లేని ఆటలు.

అన్నప్రాశన నాటి ముచ్చట మీకు తెలిసిందే. బిడ్డ ముందు పుస్తకం, కలం, బంగారం, పూలు, కత్తి వంటివి పేర్చి, ఏది పట్టుకుంటే ఆ బిడ్డ భవిష్యత్తు అదేనని మురిసిపోతాం. భవిష్యత్తు సంగతి అటుంచి, ఆ వేడుకను వైద్యుడి కంటితో చూడండి. ఆరు నెలలు దాటిన బిడ్డ ముందు నాలుగైదు వేర్వేరు వస్తువులు పెట్టి, పెద్దలంతా నిశ్శబ్దంగా చుట్టూ కూర్చుని, బిడ్డ తనంతట తాను ఎంచుకునే వరకు వేచి చూస్తారు. చూపు, చేయి కలిసి పనిచేయడం, వస్తువు వైపు జరగడం, ఒకదాన్ని ఎంచుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. ఒక్కరోజు కాక ప్రతిదినం చేయవలసిన వేడుక అది.

ప్రాచీన సాక్ష్యాలు

సింధులోయ నగరాలైన హరప్పా, మొహెంజొదారో తవ్వకాలలో మట్టి బండ్లు, పక్షి ఆకారపు ఈలలు, లోపల చిన్న గుండ్లు వేసి కాల్చిన బోలు మట్టి గిలకలు బయటపడ్డాయి. నాలుగువేల ఏళ్లకు పైబడిన ఆ వస్తువులు ఇంట్లో పెద్దలు వాడే సామానుకు చిన్న రూపాలే. కుండలు చేసే మట్టితోనే బిడ్డకు గిలక, సరుకులు మోసే బండిని చూసి బిడ్డకు బండి.

గ్రీకు దేశంలో అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో ఆర్కిటస్ అనే పండితుడి పేరున్న గిలకను ప్రస్తావించాడు. పసివారు కుదురుగా ఉండలేరు కనుక, ఇంట్లోని వస్తువులు పగలగొట్టకుండా వారి చేతికి ఇటువంటిది ఇవ్వడం మంచిదని ఆయన అభిప్రాయం. అంటే రెండువేల మూడువందల ఏళ్ల కిందట కూడా బిడ్డల చూపు ఇంటి సామాను మీదనే ఉండేదన్నమాట. గిలక దాన్ని కాపాడుకోవడానికి పెద్దలు కనిపెట్టిన ఉపాయం.

సంస్కృతంలో శూద్రకుడి నాటకానికి పేరే మృచ్ఛకటికం, అంటే మట్టి బండి. చారుదత్తుడి కొడుకు రోహసేనుడు పొరుగింటి పిల్లవాడి బంగారు బండితో ఆడుకుని, అది పోయాక తనకిచ్చిన మట్టి బండి వద్దని ఏడుస్తాడు. వసంతసేన తన నగలు తీసి ఆ మట్టి బండిని నింపుతుంది. కథ ఆ నగల చుట్టూ తిరిగి ఒక నిరపరాధి ప్రాణం మీదికే వస్తుంది. బంగారు వ్యాపారానికి పేరుపడ్డ ప్రొద్దుటూరు పరిసరాల్లో బతికే మనకు ఈ కథ మరింత బాగా అర్థం కావాలి. బండి బంగారమా మట్టా అన్న తేడా పసివాడికి పుట్టుకతో తెలియదు. పక్కింటివాడితో పోలిక మొదలైన నాడే తెలుస్తుంది.

ఇక పోతన తెనిగించిన భాగవతంలోని దశమ స్కంధం తెలియని తెలుగు ఇల్లుండదు. అల్లరి కృష్ణుడు బోర్లించిన రోటి మీదికెక్కి ఉట్టిలోని వెన్న అందుకుంటాడు. యశోద అదే రోటికి అతణ్ణి కట్టివేస్తే, దాన్ని ఈడ్చుకుంటూ పోయి మద్దిచెట్లను కూల్చుతాడు. భక్తులు అందులో భగవంతుని లీలను చూస్తారు. దానితో పాటు, శిశువైద్యం చదివినవారికి అందులో నడక నేర్చిన బిడ్డ స్వభావం అచ్చుగుద్దినట్టు కనబడుతుంది. అందనిదాన్ని అందుకోవడానికి మరో వస్తువును మెట్టుగా వాడుకోవడం, బరువైనదాన్ని లాగి తన బలం పరీక్షించుకోవడం ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డల నిత్యకృత్యాలు. ఆ బాలుడి ఆటసామాను రోలు, ఉట్టి, పాలకుండ. అన్నీ వంటింటివే.

లక్కపిడతలు చెప్పే పాఠం

ఇంటి సామానును చిన్నదిగా చేసి పిల్లలకివ్వడంలో తెలుగువారికి ఘనమైన సంప్రదాయముంది. విశాఖ ప్రాంతపు ఏటికొప్పాకలో అంకుడు కర్రను చిత్రిక పట్టి, లక్కతో రంగులద్ది చేసే లక్కపిడతలు తరతరాల ఆడపిల్లలకు తొలి వంటిల్లు. పొయ్యి, కుండ, గరిటె, తిరగలి అన్నీ అరచేతిలో ఇమిడేంత. కృష్ణాతీరాన కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చేసే బొమ్మలదీ ఇదే కోవ.

పూర్వం ఈ లక్కకు రంగు చెట్ల గింజల నుంచి, వేర్ల నుంచి, ఆకుల నుంచి వచ్చేది. రసాయనిక రంగులు చౌకగా దొరకడంతో ఇరవయ్యో శతాబ్దంలో కళాకారులు వాటి వైపు మళ్లారు. పసిబిడ్డ ప్రతి వస్తువునూ నోటితోనే పరిచయం చేసుకుంటుంది కనుక రంగులో సీసం వంటి లోహాలుంటే అవి నేరుగా శరీరంలో చేరతాయి. సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టం చేసింది. అది ఎదిగే మెదడును దెబ్బతీస్తుంది, రక్తహీనతను తెస్తుంది. ఏటికొప్పాకకు చెందిన సి.వి. రాజు సహజ రంగులను పునరుద్ధరించి కళాకారులను మళ్లీ ఆ దారికి తెచ్చారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు లభించింది. 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

చట్టం కొంత ఆలస్యంగా మేల్కొంది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పదిలక్షల్లో 90 వంతులు మించరాదన్న నిబంధనలు 2016లో వెలువడి, 2017 నవంబరు నుంచి అమలయ్యాయి. ఆటబొమ్మల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2020లో వచ్చి, 2021 జనవరి 1 నుంచి ఐ.ఎస్.ఐ. గుర్తును తప్పనిసరి చేసింది. సంతలో గంప మీద పెట్టి అమ్మే రంగు బొమ్మ మీద ఆ గుర్తు ఉందో లేదో మీరెన్నడైనా చూశారా? అది లేని బొమ్మ కంటే మీ ఇంటి స్టీలు గ్లాసు వెయ్యి రెట్లు మేలు.

పండితులు వంటింటికి వచ్చిన వైనం

జర్మనీలో ఫ్రెడరిక్ ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కోసం ఒక సంస్థ ప్రారంభించి, కర్ర బంతులు, ఘనాలు, దిమ్మెలతో ఆటవస్తువులు రూపొందించాడు. మనం నేడు చెప్పుకునే కిండర్‌గార్టెన్‌కు మూలపురుషుడాయన. తరువాత మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరపు పేదవాడలో బాలల ఇంటిని తెరిచారు. ఒక పాత్ర నుంచి మరో పాత్రకు నీళ్లు ఒంపడం, ఊడ్వడం, బొత్తాలు పెట్టుకోవడం వంటి ఇంటి పనులే అక్కడ పాఠాలయ్యాయి. ఆమె 1939లో మద్రాసు చేరి, అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చారు. యుద్ధం కారణంగా 1946 వరకు భారతదేశంలోనే ఉండిపోయారు. ఆనాటికి కడప జిల్లా మద్రాసు రాజధానిలో భాగమే. మన అవ్వలు చేటలో గింజలు పోసి పిల్లల చేత ఏరించిన పనిని ఆమె శాస్త్రబద్ధం చేశారని చెప్పవచ్చు.

స్విట్జర్లాండులో జీన్ పియాజె తన ముగ్గురు పిల్లలను రోజూ గమనించి, 1936లో శిశువు బుద్ధి ఎలా పుడుతుందో వివరించే గ్రంథం వెలువరించాడు. బిడ్డ చెంచాను పదేపదే కింద పడేయడం పెద్దలకు విసుగు. ఆయనకు అది ప్రయోగం. ఈ ఎత్తు నుంచి పడేస్తే ఏమవుతుంది, ఆ ఎత్తు నుంచైతే ఏమవుతుంది అని బిడ్డ పరీక్షిస్తున్నదని ఆయన గుర్తించాడు.

ఈ పరంపరలో మన విషయానికి అత్యంత దగ్గరివారు ఆంగ్ల విద్యావేత్త ఎలినార్ గోల్డ్‌ష్మీడ్. రెండవ ప్రపంచ యుద్ధానంతరం ఆమె ఇటలీలో తల్లిదండ్రుల ఆలనకు దూరమైన శిశువుల సంరక్షణాలయాలలో పనిచేశారు. కూర్చోవడం వచ్చి, పాకడం ఇంకా రాని బిడ్డల ముందు ఆమె ఒక చదునైన బుట్ట పెట్టేవారు. అందులో కర్ర చెంచా, లోహపు గిన్నె, కుంచె, తోలు ముక్క, నిమ్మపండు వంటి ఇంటి వస్తువులుండేవి. ప్లాస్టిక్ ఉండేది కాదు. పెద్దవారు పక్కన మౌనంగా కూర్చోవాలి, జోక్యం చేసుకోకూడదు. దానికామె నిధుల బుట్ట అని పేరు పెట్టారు. ఆమె చెప్పిన కారణం సూటిగా ఉంటుంది. ప్లాస్టిక్ బొమ్మలు వంద ఉన్నా, వాటి స్పర్శ, వాసన, బరువు దాదాపు ఒకటే. బుట్టలోని వస్తువుల్లో ఏ రెండూ ఒకలా ఉండవు.

అమెరికాలో ఆటబొమ్మల కీర్తిమందిరం ఒకటుంది. అందులోకి 2005లో అట్టపెట్టెకు, 2008లో మామూలు కర్రపుల్లకు, 2011లో దుప్పటికి చోటు దక్కింది. మన దేశంలో అరవింద్ గుప్తా అగ్గిపుల్లలతో, పారేసిన సీసాలతో, పాత చెప్పుల రబ్బరుతో వందలాది ఆటవస్తువులు చేసి చూపారు. 2018లో ఆయనను పద్మశ్రీ వరించింది.

జమైకా నేర్పిన పాఠం

ఇదంతా ముచ్చటేనా, దీనివల్ల బిడ్డకు నిజంగా మేలుందా అని మీరడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దానికి సమాధానం జమైకా రాజధాని కింగ్‌స్టన్ పేదవాడల నుంచి వచ్చింది.

1986-87 సంవత్సరాలలో సాలీ గ్రాంథమ్-మెక్‌గ్రెగర్, ఆమె సహచరులు పోషకాహార లోపంతో వయసుకు తగ్గ ఎత్తు పెరగని 129 మంది శిశువులను ఎంచుకున్నారు. వారి వయసు 9 నుంచి 24 నెలలు. కొందరికి పాల ఆధారిత పోషకాహారం ఇచ్చారు. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికొకసారి వెళ్లి, గంటసేపు తల్లితో కలిసి బిడ్డను ఆడించారు. కొందరికి రెండూ అందాయి. కొందరికి ఏదీ అందలేదు. ఆడించడానికి వాడినవి ఖరీదైన బొమ్మలు కావు. ఇళ్లలో పారేసే వస్తువులతో చేసినవే. రెండేళ్లు ఇది సాగింది.

1991లో ప్రచురితమైన ఫలితాల ప్రకారం ఆహారమూ మేలు చేసింది, ఆటా మేలు చేసింది. రెండూ అందినవారు అందరికంటే ముందున్నారు. అసలు విశేషం తరువాత తేలింది. పిల్లలు పెద్దవారయ్యాక చూస్తే, బుద్ధి వికాసంలో ఆట వల్ల వచ్చిన మేలు నిలిచింది. ఇరవై ఏళ్ల తరువాత వారి సంపాదనను లెక్కిస్తే, శైశవంలో ఆట అందినవారు అందనివారి కంటే 25 శాతం ఎక్కువ ఆర్జిస్తున్నారని 2014లో వెల్లడైంది. చేతిలో ఒక డబ్బా, పక్కన మాట్లాడే తల్లి, వారానికి ఒక గంట. ఇంత చౌకైన మందును నా వైద్యవృత్తిలో నేను మరొకటి చూడలేదు.

ఇది మనకెందుకు ముఖ్యమంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేనివారే. ప్రతి పదిమందిలో ముగ్గురు. వారికి గుడ్డు, పాలు ఎంత అవసరమో ఆట, మాట కూడా అంతే అవసరం. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం పుణ్యమా అని మన పల్లెల్లో అంగన్‌వాడీలు వెలిశాయి. మూడేళ్లలోపు బిడ్డల ఆటపాటల కోసం 2024లో కేంద్ర ప్రభుత్వం నవచేతన అనే మార్గదర్శక చట్రం తెచ్చింది. కానీ ఆ వయసు బిడ్డ రోజంతా గడిపేది ఇంట్లోనే.

పాతదంతా మేలని కాదు

గతాన్ని పొగడడం వృద్ధులకు సహజం. అందుకే ఈ మాట కూడా చెప్పాలి. పాత వంటిళ్లు బిడ్డలకు ప్రమాదరహితాలు కావు. నేల మీది పొయ్యి, మరిగే సంగటి కుండ, నీటి తొట్టి, నూనె సీసాలో పోసిన కిరసనాయిలు ఎందరో పసివారిని బలిగొన్నాయి. మన ప్రాంతంలో మరో ముప్పుంది. పత్తి చేలకు కొట్టిన పురుగుమందుల ఖాళీ డబ్బాలు ఇంట్లోకి వస్తాయి. ఎంత కడిగినా వాటిని బిడ్డ చేతికి ఇవ్వరాదు, నీళ్లకు వాడరాదు.

ఊపిరి ఆడకుండా చేసేవి కూడా వంటింట్లోనే ఉన్నాయి. వేరుశెనగ గింజ, శనగ గింజ, చింతగింజ శ్వాసనాళంలో ఇరుక్కుంటే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు. ఆముదపు గింజలో విషముంది. బొమ్మల్లో, రిమోట్లలో ఉండే బిళ్ల బ్యాటరీని మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు.

అయితే ఈ ప్రమాదాలకు భయపడి మనం ఎంచుకున్న మార్గం అంతకన్నా మంచిది కాలేదు. ఉమ్మడి కుటుంబాలు తగ్గి, బిడ్డను కనిపెట్టుకునే అవ్వాతాతలు దూరమయ్యాక ఆ ఖాళీలోకి సెల్‌ఫోన్ వచ్చింది. ఫోన్ చూపందే ముద్ద మింగని బిడ్డలు ఇప్పుడు పల్లెల్లోనూ ఉన్నారు. ఏడాదిలోపు బిడ్డలకు తెర అసలే వద్దని, రెండేళ్లు నిండేవరకూ తగదని, ఆపైన నాలుగేళ్ల వరకు రోజుకు గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. గిన్నెను తడితే మోగుతుంది, తోస్తే దొర్లుతుంది, నాకితే చల్లగా ఉంటుంది. ఫోన్‌లోని గిన్నె ఇవేవీ చేయదు.

మీ ఇంట్లో ఏం చేయవచ్చు

మూడు నెలల బిడ్డకు స్టీలు గ్లాసు మెరుపు, గిలక్కాయ చప్పుడు, అమ్మ కొంగు అంచు చాలు. ఆరు నెలలు దాటి కూర్చున్న బిడ్డకు చదునైన వెదురు బుట్టలో కర్ర గరిటె, చిన్న స్టీలు గిన్నె, శుభ్రమైన కొబ్బరి చిప్ప, నూలు గుడ్డ, చపాతీ కర్ర పెట్టండి. ఐదారు వస్తువులు చాలు, వారానికి రెండు మార్చండి. ఏడాది నిండినవారికి మూతలున్న డబ్బాలు, ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు, అట్టపెట్టె ఇవ్వండి. రెండేళ్లవారిని పనిలో కలుపుకోండి. ఉల్లిగడ్డలు బుట్టలోకి వేయడం, గుడ్డలు మడవడం, గ్లాసుతో నీళ్లు ఒంపడం వారికి పండుగే.

కొన్ని నియమాలు మరువకండి. మూడేళ్లలోపు బిడ్డకిచ్చే ఏ వస్తువైనా, దాని నుంచి ఊడివచ్చే ఏ ముక్కైనా, సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో ఇమిడేంత చిన్నదిగా ఉండరాదు. పెచ్చులూడే రంగు, మొనదేలిన అంచు, పగిలే గాజు, పొడవైన తాడు, పలుచని ప్లాస్టిక్ సంచి వద్దు. పాత కళాయి పూసిన పాత్రల పూతలో సీసం ఉండవచ్చు కనుక వాటిని నోట పెట్టుకోనివ్వకండి. ప్రతిదినం సబ్బుతో కడిగి ఎండలో ఆరబెట్టండి. బిడ్డ వస్తువులతో ఉన్నంతసేపు మీరు పక్కనే ఉండండి. అడిగినప్పుడు మాట్లాడండి, ఆ వస్తువు పేరు చెప్పండి. చెంబు, చేట, జల్లెడ వంటి మాటలు బిడ్డకు భాషగా మారేది అలాగే.

ఏడెనిమిది నెలలు నిండినా వస్తువు కోసం చేయి చాచకపోయినా, చప్పుడుకు తల తిప్పకపోయినా, ఒక్క చేతినే వాడుతున్నా వెంటనే శిశువైద్యుడికి చూపండి. ఖరీదైన పరీక్షలకు ముందే ఒక గిన్నె, ఒక చెంచా ఆ సంగతిని మీకు చెప్పగలవు. అందుకే ఈసారి మీ బిడ్డ బొమ్మను వదిలి గరిటె అందుకున్నప్పుడు విసుక్కోకండి. కడిగి ఇచ్చి, కాసేపు పక్కన కూర్చోండి.